కంది పరిశోధనకు కాసులెవరివి?

తాండూరు: కంది చేను నిండుగా పెరిగి పూతకు వచ్చే వేళకు అక్కడొకటి ఇక్కడొకటిగా మొక్కలు వడలిపోవడం ఈ ప్రాంత రైతులకు తెలిసిన బాధే. చూడ్డానికి నీళ్లు లేక ఎండినట్లే ఉంటుంది. కాండం చీల్చితే మాత్రం లోపల నల్లటి చారలు కనిపిస్తాయి. అది ఎండు తెగులు. దానికి కారణమైన శిలీంధ్రం భూమిలోనే ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. పైన మందు కొట్టినందువల్ల పోయేది కాదు. తెగులును తట్టుకునే విత్తనం వేయడం, లేదా కొన్నేళ్లు ఆ చేనులో కంది మాని జొన్న వంటి పంట వేయడం, ఇవే రైతు చేతిలో ఉన్న దారులు.

రెండో దారి రైతు తన ఇష్టంతో పట్టవచ్చు. మొదటిది అలా కాదు. ఎవరో ఒకరు ఏళ్ల తరబడి కూర్చుని ఆ విత్తనాన్ని తయారుచేసి ఇవ్వాలి. ఆ పనికి డబ్బు కావాలి. అది సర్కారు పెట్టాలా, కంపెనీలు పెట్టాలా, రైతే తన జేబులోంచి తీయాలా అన్నది ఇప్పుడు దేశంలో చాలా చోట్ల నడుస్తున్న చర్చ. వికారాబాద్ జిల్లాకు అది పుస్తకాల చర్చ కాదు, చేలో చర్చ.

ఈమధ్య కాలంలో ‘ఇన్నోవేషన్ సెంటర్’ అనే మాట తరచు వినిపిస్తోంది. కొత్త ఆలోచన ఉన్నవారికి చోటు, సలహా, కొంత పెట్టుబడి ఇచ్చి ఒక వస్తువుగానో వ్యాపారంగానో తయారుచేసే కేంద్రమని దాని అర్థం. హైదరాబాద్‌లో 2015 నవంబరులో మొదలైన టి-హబ్ అటువంటిదే. రాష్ట్ర ప్రభుత్వంతో పాటు విద్యాసంస్థలు, ప్రైవేటు రంగం కలిసి ఏర్పరచిన సంస్థ అది. 2022 జూన్ 28న రాయదుర్గంలో దానికి 5 లక్షల 80 వేల చదరపు అడుగుల పైచిలుకు కొత్త భవనం ప్రారంభమైంది. తాండూరులో రైలెక్కి లింగంపల్లిలో దిగితే అక్కడికి ఎంతో దూరం లేదు. కాని కందికి పట్టిన తెగులు తీసుకుని ఆ మేడ ఎక్కితే లాభం లేదు. అక్కడి పని వేరు.

అసలు విషయమేమంటే, ఈ జిల్లాకు తనదైన ఆవిష్కరణ కేంద్రం ఒకటి చాలా కాలంగా ఉన్నది. తాండూరు వ్యవసాయ పరిశోధనా కేంద్రమే అది. పూర్వం ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉండేది. 2014లో రాష్ట్రం వేరుపడ్డాక ప్రొఫెసర్ జయశంకర్ పేరిట ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. కంది, కుసుమ దాని ముఖ్య పంటలు. ‘హనుమ’ అని పిలిచే టి.డి.ఆర్.జి-4, ఆ తరువాతి టి.డి.ఆర్.జి-59 కంది రకాలు ఇక్కడివే. అంకెలకు ముందున్న అక్షరాల్లోనే తాండూరు పేరు ఉన్నది. రైతులు విత్తన సంచి మీద ఆ అక్షరాలు చూసి కూడా వాటి పుట్టిల్లు ఇదేనని గుర్తించరు.

ఒక కంది రకానికి ఎంత కాలం?

కొత్త రకం తయారీ అంటే రెండు మంచి రకాలను ఎంచుకోవడంతో మొదలు. ఒకటి తెగులు తట్టుకునేది, ఇంకొకటి దిగుబడి ఇచ్చేది అనుకుందాం. పూమొగ్గ విచ్చక ముందే చిన్న చిమటాతో విప్పి, ఒకదాని పుప్పొడి ఇంకొకదానికి అంటించాలి. వచ్చిన గింజలు మరుసటి ఏడు నాటితే ఇంచుమించు ఒకే తీరు మొక్కలు వస్తాయి, వాటి గింజలు మళ్లీ నాటితే రకరకాల మొక్కలు వస్తాయి. అందులో మంచివి ఏరి మళ్లీ నాటాలి. ఇట్లా ఆరేడు తరాలు గడిస్తేగాని గుణం నిలకడకు రాదు. కంది అయిదారు నెలల పంట, సాధారణంగా ఏడాదికి ఒక తరమే. ఆ తరువాత కేంద్రంలో పరీక్ష, రాష్ట్రంలో వేర్వేరు నేలల్లో పరీక్ష, చివర రైతుల పొలాల్లో చిరు సంచులతో పరీక్ష. ఇవన్నీ దాటి విడుదలయ్యేసరికి ఎనిమిది నుంచి పదేళ్లు పడుతుంది. మధ్యలో ఎక్కడ తప్పినా మొదటికే వస్తుంది.

విడుదలయ్యాక కూడా పని అయిపోదు. కంది పూతపై తేనెటీగలు వాలి ఒక చేని పుప్పొడిని ఇంకొక చేనికి మోస్తాయి. అందువల్ల రైతు ఇంట్లో దాచుకున్న విత్తనం నాలుగేళ్లలో కల్తీ అవుతుంది. తెగులు తట్టుకునే గుణం పలచబడుతుంది. రకాన్ని దాని అసలు రూపంలో నిలబెట్టే మూల విత్తనం పరిశోధనా కేంద్రం నుంచే ఏటేటా రావాలి. దానినుంచి ఫౌండేషన్ విత్తనం, దానినుంచి ధ్రువీకరించిన విత్తనం. మూలం ఎండితే కింది కాలువలన్నీ ఎండుతాయి.

ప్రైవేటు డబ్బు ఎటు పోతుంది?

పత్తి సంగతి చూస్తే కారణం తేలికగా తెలుస్తుంది. ప్రపంచంలో మొదటి వాణిజ్య హైబ్రిడ్ పత్తి, హెచ్-4, 1970లో గుజరాత్‌లోని సూరత్ ప్రభుత్వ పరిశోధనా కేంద్రంలోనే పుట్టింది. అయితే హైబ్రిడ్ విత్తనం రెండో ఏడు నాటితే గుణం విడిపోతుంది. రైతు ఏటా దుకాణానికి వెళ్లక తప్పదు. ఆ ఒక్క కారణంతో కంపెనీలు పత్తి విత్తనంలో దండిగా పెట్టుబడి పెట్టాయి. 2002లో బి.టి. పత్తికి అనుమతి వచ్చాక విత్తన మార్కెట్ చాలావరకు ప్రైవేటు చేతికి వెళ్లింది. 2025 సీజనుకు కేంద్రం నిర్ణయించిన బి.టి. ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు. మొక్కజొన్న కథా ఇంచుమించు ఇదే.

కందిలో అలా కుదరదు. నాలుగు కిలోల విత్తనం తెచ్చిన రైతు మరుసటి ఏడు తన గింజే నాటుకుంటాడు, పక్కవాడికీ ఇస్తాడు. 2001 నాటి మొక్క రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కూడా ఆ హక్కును గుర్తించింది. బ్రాండు పేరుతో అమ్మడం తప్ప దాచుకోవడం, నాటడం, మార్చుకోవడం, అమ్మడం రైతు ఇష్టమే. ఇది రైతుకు మేలు. కాని ఇదే కారణంతో కందికి కంపెనీ పెట్టుబడి రాదు. ఒక్కసారి అమ్మి ఊరుకోవలసిన సరుకుకు పదేళ్ల పరిశోధన ఎవరు చేస్తారు? కంపెనీలను తిట్టి ప్రయోజనం లేదు, వారి లెక్క వారిది.

మధ్యే మార్గం ఒకటి పటాన్‌చెరులో నడిచింది. అక్కడి ఇక్రిశాట్ 1972లో ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ. వివిధ దేశాలు, దాతృత్వ సంస్థలు ఇచ్చే డబ్బుతో నడుస్తుంది. 2000లో అది విత్తన కంపెనీలతో ఒక కూటమి కట్టింది. హైబ్రిడ్లకు కావలసిన తల్లి, తండ్రి వంగడాలను ఇక్రిశాట్ తయారు చేస్తుంది. కంపెనీలు ఏటా రుసుం కట్టి వాటిని తీసుకుని తమ హైబ్రిడ్లు చేసుకుంటాయి. మొదట జొన్న, సజ్జలకు, తరువాత కందికి. ఆ కృషిలోంచే కందిలో ప్రపంచంలో మొదటి వాణిజ్య హైబ్రిడ్ ఐ.సి.పి.హెచ్-2671 వచ్చి 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైంది. దిగుబడి బాగున్నా అది ఆశించినంతగా విస్తరించలేదు. హైబ్రిడ్ కంది విత్తనం తీయాలంటే మగ, ఆడ వరుసలు వేరుగా నాటాలి, చుట్టుపక్కల ఇతర కంది చేలు ఉండకూడదు, తేనెటీగలు సమయానికి రావాలి. ఇంత తంటా పడి తీసిన విత్తనానికి రైతు ఎంత ధర ఇవ్వగలడన్నది తేలలేదు. పైగా అది విజయవంతమైనా కంది రైతు పత్తి రైతులాగే ఏటా ప్యాకెట్ కొనవలసి వస్తుంది. ఆ మార్గం పూర్తిగా మంచిదని గాని, చెడ్డదని గాని చెప్పడం కష్టం.

ఇదిలా ఉండగా, ప్రైవేటు డబ్బు తప్పక రాగల రంగం ఒకటి తాండూరులోనే ఉన్నది. నాపరాళ్ల కోత, పాలిషింగ్‌లో వచ్చే ముక్కలు, రాతి బురద ఎక్కడ పోయాలన్నది ఎప్పటినుంచో ఉన్న సమస్య. ఆ వ్యర్థంతో ఇటుకో, పెంకో చేసే పద్ధతి కనిపెట్టినవారికి అమ్ముకునే సరుకు చేతిలో ఉంటుంది. అటువంటి యువకులకు రాజేంద్రనగర్‌లో 2021లో నాబార్డు సహాయంతో వ్యవసాయ విశ్వవిద్యాలయం నెలకొల్పిన అగ్‌హబ్ వ్యవసాయ వైపునా, టి-హబ్ వంటివి ఇతర వైపులా పనికివస్తాయి. కేంద్ర ప్రభుత్వపు రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద వ్యవసాయ ఆలోచనకు 5 లక్షల వరకు, తయారైన నమూనాకు 25 లక్షల వరకు సాయం ఇచ్చే ఏర్పాటు 2018లో వచ్చింది. పెట్టుబడిదారు ఇచ్చే డబ్బు మాత్రం ఊరికే రాదు, కంపెనీలో వాటా అడుగుతుంది. ఆ వాటా ఎంతో కాగితం మీద చదువుకుని సంతకం పెట్టడం మంచిది.

సర్కారు డబ్బు తీరు

కంది విషయంలో తిరిగి సర్కారు దగ్గరికే రావాలి. తాండూరు కేంద్రంలో కుసుమపై పని అఖిల భారత సమన్వయ పరిశోధనా పథకంలో భాగం. ఈ పథకాల్లో వంద రూపాయల ఖర్చయితే భారత వ్యవసాయ పరిశోధనా మండలి 75, రాష్ట్రం 25 భరించాలి. కృషి వికాస్ యోజనలో మొదట అంతా కేంద్రమే ఇచ్చేది. 2015-16 నుంచి కేంద్రం 60, రాష్ట్రం 40 అయింది. చదవడానికి బాగానే ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, ఒకరి వాటా ఆలస్యమైతే ఇంకొకరి వాటా కూడా ఆగుతుంది. ప్రభుత్వ పరిశోధనా సంస్థల్లో పెద్ద మొత్తం జీతాలకే పోతుంది. ప్రాజెక్టులు మూడేళ్లవి. కంది రకం పదేళ్లది. ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది. మొక్కకు ఆ లెక్క తెలియదు.

దేశం మొత్తం మీద వ్యవసాయం నుంచి వచ్చే ప్రతి వంద రూపాయల ఆదాయానికి పరిశోధనపై పెడుతున్నది అర్ధ రూపాయి కూడా లేదు. ఈ లెక్క ఏ ఒక్క ప్రభుత్వానిదో కాదు, దశాబ్దాలుగా ఉన్నదే.

కాళ్ల కింది డబ్బు

అలాగైతే దారేది? ఇక్కడ తాండూరు నేల సంగతి చెప్పుకోవాలి. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించిన విషయం విదితమే. యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పేరిట, వ్యవసాయ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో అది వచ్చింది. ఈ పప్పు రుచికి కారణంగా చూపించింది ఇక్కడి నేలనే. లోతైన నల్లరేగడి, అందులో అట్టపుల్గైట్ అనే బంకమట్టి ఖనిజం, కింద విస్తారమైన సున్నపురాయి నిక్షేపాలు. అంటే కందికి పేరు తెచ్చిన రాయి, నాపరాయిగా అమ్ముడయ్యే రాయి, సిమెంటు అయ్యే రాయి ఒకే నేలవి.

ఆ రాయి మీద డబ్బు వస్తున్నది. సిమెంటుకు వాడే సున్నపురాయిపై రాయల్టీని 2014లో టన్నుకు 80 రూపాయలుగా నిర్ణయించారు. 2015లో గనుల చట్టం సవరించి ప్రతి గని జిల్లాలో జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజుదారులు రాయల్టీలో నూటికి 30 వంతు, వేలంలో పొందినవారు 10 వంతు అదనంగా ఆ నిధికి కట్టాలి. పది లక్షల టన్నులు తవ్వితే రాయల్టీ 8 కోట్లు. పాత లీజు అయితే ఖనిజ నిధికి 2 కోట్ల 40 లక్షలు. ఈ నిధి ఖర్చుకు తాగునీరు, వైద్యం, విద్య ముందు వరుసలో ఉండేవి. 2024లో సవరించిన మార్గదర్శకాల్లో వ్యవసాయాన్ని, పశుపోషణను కూడా అందులో చేర్చారు. గనికి 15 కిలోమీటర్ల లోపు ఊళ్లను నేరుగా ప్రభావితమైనవిగా లెక్కిస్తారు. కందిచేల మీద దుమ్ము పడే ఊళ్లూ అవే.

రెండోది కంపెనీల సామాజిక బాధ్యత. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో నూటికి 2 రూపాయలు సమాజానికి ఖర్చు చేయాలి. కర్మాగారం ఉన్న చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని ఆ సెక్షనే చెబుతున్నది. ఈ డబ్బు బడి గదులకు, నీటి ట్యాంకులకే అనే అభిప్రాయం ఊళ్లలో ఉన్నది. అది సరికాదు. ప్రభుత్వ నిధులతో నడిచే విశ్వవిద్యాలయాల పరిశోధనకు ఇచ్చినా చట్టం ఒప్పుకుంటుంది. తాండూరు కేంద్రం అటువంటి విశ్వవిద్యాలయానిదే.

తాండూరు చుట్టూ సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. కరన్‌కోట్ వద్ద ప్రభుత్వ రంగంలోని సిమెంటు కార్పొరేషన్‌ది ఉన్నది. ప్రైవేటు వాటి యాజమాన్యాలు ఇటీవల మారాయి. 2024లో పెన్నా సిమెంటును అంబుజా కొన్నది. అదే ఏడాది డిసెంబరులో ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ చేతికి వెళ్లింది. ఇంతకుముందు హైదరాబాద్, చెన్నైలలో జరిగిన నిర్ణయాలు ఇకమీదట అహ్మదాబాద్, ముంబయిలలో జరుగుతాయి. అంత దూరాన ఉన్నవారికి తాండూరు కంది ఎండు తెగులు గురించి ఎవరైనా రాసి చెబితే తప్ప తెలిసే అవకాశం లేదు.

మూడోది మార్కెట్ ఫీజు. మార్కెట్ కమిటీ పరిధిలో కొన్న సరుకు విలువపై నూటికి ఒక రూపాయి కొనుగోలుదారు కట్టాలి. 2025-26కు కంది మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. ఆ ధరకు అమ్మితే ఫీజు 80 రూపాయలు. టన్ను సున్నపురాయికి రాయల్టీ కూడా అంతే కావడం విచిత్రం. ఆ ఫీజు యార్డులకు, గోదాములకు, దారులకు వాడతారు, అవీ అవసరమే.

ఆస్ట్రేలియా దేశంలో ఇదే నూటికి ఒకటి ఇంకొక తీరుగా వాడుతున్నారు. అక్కడ గోధుమ, పప్పుధాన్యాలు పండించే రైతులు అమ్మకం విలువలో సుమారు నూటికి ఒక డాలరు పరిశోధన కోసం కడతారు. ప్రభుత్వం తన వంతు కలుపుతుంది. 1990లో పెట్టిన ఒక కార్పొరేషన్ ఆ డబ్బును ఖర్చు చేస్తుంది. ఏ తెగులు మీద ముందు పని జరగాలన్నది చర్చించే ప్రాంతీయ కమిటీలలో రైతులు కూర్చుంటారు. అయితే అక్కడి రైతుకు వేల ఎకరాలు. రెండు మూడెకరాల తాండూరు రైతుపై కొత్త పన్ను వేయమని ఎవరూ అనరు, అనకూడదు కూడా. ఇప్పటికే వసూలవుతున్న రూపాయిలో ఒక పది పైసలు కందిచేను వైపు మళ్లించవచ్చునా అన్నదే ఆలోచించవలసింది. దానికి రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయం కావాలి.

ఇవ్వడంలోనూ ఒక మెలిక ఉన్నది. డబ్బు ఎవరిదో మాట వారిది. కంపెనీ ఇచ్చిన డబ్బుతో పుట్టిన రకం ఎవరి ఆస్తి? మూల విత్తనం రైతు కంపెనీలకు ఇస్తారా, ఒక్కరికే కట్టబెడతారా? సిమెంటు కర్మాగారం ఇచ్చే డబ్బుతో నడిచే కేంద్రం గని దుమ్ము పంటపై ఎంత ప్రభావం చూపుతున్నదో పరీక్షించి ఉన్నది ఉన్నట్లు చెప్పగలదా? తీసుకునే ముందే ఒప్పందంలో ఇవి రాసుకోవడం అవసరం. రకం విశ్వవిద్యాలయానిదిగా, విత్తనం అందరికీ అందేదిగా, ఫలితాలు అందరూ చూసేవిగా ఉండాలన్న మూడు షరతులకు ఒప్పుకోని డబ్బు రాకపోయినా నష్టం లేదు.

సరిహద్దు అవతల కలబురగి కందికి 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ కంది కోసమే ఒక మండలి పని చేస్తున్నది. ఇక్కడ గుర్తింపు వచ్చినా, ఆ పేరు వాడుకునే హక్కు కోసం రైతు తన పేరు నమోదు చేసుకోవాలని చాలామందికి తెలియదు. ఆ రుసుమును 2020లో 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గించారు. పేరుకు విలువ నిలవాలంటే సంచిలో ఉన్నది తాండూరు పప్పే అని రుజువు కావాలి. మొజాంబిక్, మయన్మార్ వంటి దేశాల నుంచి కంది దిగుమతి అవుతున్న రోజుల్లో పప్పుగా మారాక కంటితో పోల్చడం కష్టం. నిగ్గు తేల్చే పరీక్షశాల తాండూరులోనే ఉంటే మిల్లర్లకూ ఉపయోగమే. కాబట్టి వారి వాటా అడగడం అన్యాయమేమీ కాదు.

ఖనిజ నిధి పాలక మండలికి జిల్లా కలెక్టర్ అధ్యక్షులు, పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు సభ్యులు. ఏడాదికోసారి ప్రణాళిక తయారవుతుంది. కేంద్రం, రైతు కంపెనీలు కలిసి ఫలానా పని, ఇన్నేళ్లు, ఇంత ఖర్చు అని కాగితం పెట్టుకోవచ్చు. అడిగేది మాత్రం ఒక్క ఏడాదికి కాకుండా కనీసం ఐదేళ్లకు అడగాలి. తెగులు తట్టుకునే రకాన్ని పరీక్షించడానికి ముందుగా తెగులు నిండిన మడి ఒకటి కావాలి. ఎండిన కంది కట్టెను ఏటా ఆ మట్టిలోనే కలిపి దున్నుతూ పోతేగాని అది తయారు కాదు. దానికే మూడు నాలుగేళ్లు పడుతుంది.